పడేవాడు

మంగళవారం తెల్లారుజామున అయిదున్నరకి
సంతపేటలో మస్తాను టీ అంగడి షట్టరు
సగమే లేస్తుంది.
ఆ సగం కింద వంగి దూరతాం
రాత్రి డ్యూటీ దిగినోళ్ళం.
చేతులకింకా తోతాపురి గుజ్జు పసుపు,
గోళ్ళ సందుల్లో తీపి,
గేటు నుంచి మా వెంటే వచ్చిన ఈగలు.

గోడ మీద పాత టీవీ.
ఎక్కడో సముద్రాలవతల
సోమవారమింకా అయిపోలేదు.
ముసుగోడు గుండోణ్ణెత్తి నేలకేస్తుండాడు.
వాళ్ళ అసలు పేర్లు మాకు నోరు తిరగవు,
మేం పెట్టినవే పేర్లు.

"మూడు గంటలెందుకబ్బా?" చెంగల్రాయుడు మొదలుపెడతాడు.
"గుజ్జు ఉడికేదానికి గూడా ఇంతసేపు పట్టదు.
గంటన్నరకి కుదించల్ల."
"ముందు మైకు గుంజుకోవల్ల," ఖాజామొద్దీన్.
"కొట్లాటకొచ్చినోడికి ఉపన్యాసమేంది?"
నాకూ ఒక బాధుంది:
పోయిన వారం పగోళ్ళు
ఈ వారం భుజాల మీద చేతులేసుకుని వొస్తారు.
పగంటే రొవంత ఊరల్ల గదా,
జాడీలో మాగాయ మాదిరి.

మునెమ్మ గ్లాసు కింద పెట్టి అంటుంది:
"ఆ రాగి జుట్టు పిల్లకి నాలుగు నిమిషాలిచ్చిరి.
నడిచొచ్చేదానికే రెండు అయిపాయ."
ఆమెకి బెల్టంటే
నడుముకి కట్టే బంగారు బిళ్ళ కాదు,
పన్నెండు గంటలు కళ్ళముందు కాయలు నడిచే రబ్బరు.
దాని పక్కన ఆమెకిచ్చే టీ టైమూ
నాలుగు నిమిషాలే.
ఎవరం ఎదురు చెప్పలేదు.

అప్పుడన్నాడు లాబ్‌లో కొత్తగా చేరిన కుర్రోడు హేమాద్రి,
"అంతా ముందే రాసుకున్నదేనంట గదన్నా.
ఎవుడు గెలిచేదీ ఎవుడు ఓడేదీ."

పాలు పొంగే చప్పుడు తప్ప ఏమీ లేదు.
పెళ్ళిలో ఎవరో పెళ్ళికూతురి వయసడిగినట్టయింది.

మూలన బీడీ ఆర్పుతూ వాచ్‌మన్ గంగులప్ప నవ్వినాడు.
ఇరవై రెండేండ్లు, ఎండాకాలమంతా,
ఊరూరి భారతంలో దుర్యోధనుడాయన.
"పద్దెనిమిదో నాడు ఎవుడు చస్తాడో తెలీకనా
జనం మిట్ట మీదికి పొద్దున్నే వొచ్చేది?
ఇక్కణ్ణించి ఆ కరెంటు స్తంభం దాకా
మట్టి దుర్యోధనుడు పడుకోనుంటాడు,
తొడలో ఎర్రనీళ్ళ కుండ.
కుండ పెట్టినోడే ముందు వరసలో కూచుని ఏడుస్తాడు."

"అయితే ఈ ఆటని ఏం జేయమంటావ్ చెప్పు," అన్నాను.

ఆయన టీవీకేసి చూడలేదు.
"గెలిచేవోణ్ణి మార్చి మార్చి చూస్తుండారు.
వాడితో పనేముంది, ఎవుడైనా చెయ్యెత్తుతాడు.
పడేవోడు బాగా పడల్ల.
పడినాక రొవంతసేపు వాణ్ణే చూపించల్ల.
మా భీముడు దొరసామి, ఇటుకల బట్టీలో పని,
గద దించినాక మీదికి వొంగి
ఉరిమినట్టు మొకం పెట్టి
నా చెవిలో అడిగేవోడు,
'తగిల్నాదా అన్నా?'
ఒక ఏడు నిజంగానే తగిలింది.
లేదన్నాను."

మోకాలు చూపిస్తాడనుకున్నాం.
చూపించలేదు. టీ ఊదుకున్నాడు.

అక్కడ గుండోడు పడినాడు.
ముసుగోడు మీదికి వొంగినాడు, ముసుగు కదిలింది.
ఏదో అంటుండాడు.
"సౌండు పెంచు మస్తానూ!"
మునెమ్మ లేచి నిలబడింది,
హేమాద్రి నోట్లో బిస్కెట్టు నమలకుండా ఆగింది.

సిమెంటు ప్రకటన వచ్చింది.

ఖాజామొద్దీన్ తిట్టిన తిట్టు రాయను.
మస్తాను షట్టరు పూర్తిగా ఎత్తినాడు,
ఎండ నేరుగా టీవీ మీద పడి
బొమ్మ మాసిపోయింది.
ఇక మాకు కనబడేది
ఆ గాజులో మేమే,
పసుపు చేతులతో, కొంచెం ముందుకి వొంగి.