నాలుగో గడి

ఫిబ్రవరిలో ఓ శుక్రవారం, ఆఖరి పీరియడ్,
ఎనిమిదో తరగతికి కాగితాలు పంచాను.
నాలుగు గడులు.
ఎవరి దగ్గర నేర్చుకుంటావు, ఏం నేర్చుకుంటావు,
ఏం అడిగావు,
నాలుగోది: నువ్వేం ఇచ్చావు.

సగం మంది క్రికెటర్ల పేర్లు రాశారు.
"నడిచి వెళ్ళి కలవగలిగే మనిషిని రాయండర్రా" అన్నాను.
కిటికీలోంచి ఎండుచేపల వాసన.
దూరంగా హార్బర్లో ఏదో బోటు దగ్గుతోంది.

నూకరత్నం కొట్టేసి, కొట్టేసి, చివరికి రాసింది:
మైలపిల్లి ఎల్లాజీ, బోటింజన్ల మేస్త్రి.

మొదటిరోజే వెనక్కి పంపేశాడట.
"మీ యమ్మకి సెప్పొచ్చినావా?
సెప్పకుండా వొస్తే నాను నేర్పను."
నా పాఠంలో లేదా మాట.
తర్వాతి శుక్రవారం బోర్డు మీద రాయించాను:
ఇంట్లో చెప్పొద్దనే మనిషి దగ్గర
ఏ విద్యా నేర్చుకోవద్దు.

ఇక మూడు శనివారాలు పానాలు తుడవడమే.
పన్నెండో నెంబరు, పద్నాలుగో నెంబరు,
డీజిలు గుడ్డ, గోళ్ళలో నలుపు.
"విసుగు రాలేదా?"
"వచ్చింది టీచర్. ఆయనకే చెప్పేశాను."
"ఏమన్నాడు?"
"నవ్వి, పెద్ద స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు."

కొస ఇంజను మీద, పిడి చెవికి ఆనించి వినాలట.
"ఏటినిపిస్తంది?"
"గోల."
"గోల్లో ఏటి?"
తెలీనప్పుడు తెలీదనేది.
తెలీనప్పుడు ఆయనా తెలీదనేవాడు.
నమ్మకం అక్కడ కుదిరిందట ఈ పిల్లకి.

పెదవాల్తేరు టైలరు దగ్గరికి వెళ్ళిన భానోజీ
నాలుగో రోజే మానేశాడు. ఒకటే తిట్లట.
"వస్తానని చెప్పి వచ్చావా?"
"దండం పెట్టి మరీ వచ్చాను."
వాడికీ పూర్తి మార్కులే వేశాను.

వేట నిషేధం ముగిసే వారం,
బోటు నీళ్ళలోకి దించే ముందు
అంతా బాగుందన్నాడు ఎల్లాజీ.
నూకరత్నం తల అడ్డంగా ఊపింది.
"రెండో సిలిండర్లో ఏదో టిక్కుమంటంది, తాతా."
ఆయన విన్నాడు. చెవి మార్చి విన్నాడు.
ఇంజను ఆపి, విప్పాడు.
ఉంది.

నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన బతికి
ఒక చెవి ఎప్పుడో పోయిందని
కళాసీలందరి ముందూ చెప్పేశాడట ఆ రోజు.

జూన్‌లో బడి తెరిచాక
నలిగి, డీజిలు మరక పడ్డ కాగితం తెచ్చిచ్చింది.
మొదటి మూడు గడులూ కిక్కిరిసిపోయి ఉన్నాయి.
నాలుగో దాంట్లో రెండే మాటలు:
యడమ సెవి.

ఎర్ర పెన్ను మూత తీశాను గానీ
దిద్దలేదు.