ముప్పై ఆరు

పొద్దున ఆరుంబావుకి కావలిలో పాసింజరు.
బిట్రగుంట వచ్చేలోపు పై దవడ అప్పజెప్పుకుంటాను,
తలమంచి దాటాక కింది దవడ.
పడుగుపాడులో బండి ఊరికే నిలబడుద్ది,
మరిచిపోయినవన్నీ అక్కడ వెతుక్కుంటాను.
పెన్న వంతెన ఎక్కేసరికి
నోరు మొత్తం కంఠతా.

పదకొండేళ్ళు ట్రంకురోడ్డు క్లినిక్కులో
అద్దం అందించాను, పట్టకారు అందించాను,
ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని నిలబడ్డాను.
పన్నుకి పేరుంటుందని తెలియదు.
ఆ వెనకది, దాని పక్కది -
మా ఇంట్లో కోడళ్ళని పిలిచినట్టు.

ఇప్పుడు అన్నిటికీ నంబర్లు.
కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను
ముప్పై ఆరు.
మేడమ్ బోర్డు మీద రాస్తుంటే నవ్వొచ్చింది,
నా వయసు.

నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నాకలవాటు.
మాది పామూరు అవతల.
బోరునీళ్ళు తాగి పెరిగిన పళ్ళు,
టీ చుక్కలు పడి ఉతికినా పోని గుడ్డలాగా.
ఒకరోజు క్లాసులో స్లైడు వేశారు:
గోధుమరంగు మచ్చలు, ఫ్లోరైడు.
పద్దెనిమిదేళ్ళ పిల్లలు ముప్పై మంది తెరవైపు చూస్తున్నారు.
నేను చెయ్యి తీసేసి
ఇట్టా రండి, దగ్గర్నుంచి చూడండి అన్నాను.
లిఖిత అనే పిల్ల టార్చి వేసి మర్యాదగా చూసింది.
"నొప్పిగా ఉంటదా ఆంటీ?"
పళ్ళకి లేదమ్మా, అన్నాను.

దరఖాస్తులో సంరక్షకులు అని ఒక గడి.
నాయన లేడు. ఇంకొకాయన ఉన్నాడు, ఎక్కడో,
ఆ గడిలో పట్టడు.
గుమాస్తా వేలితో తట్టి చూపించాడు, ఖాళీగా ఉండగూడదంట.
పాప బడిలో ఏం రాశానో అదే రాశాను,
నా పేరు.

"ఈ వయసులో చదివి ఏం జేస్తావు వెంగమ్మా"
అని అడిగిందీ డాక్టరుగారే,
ఫీజు మొదటి కంతు జేబులోంచి తీసిందీ ఆయనే.
సాయంత్రాలు సగం జీతానికి పోతున్నాను,
నెలకు పదిహేనువందలు తిరిగి కడుతున్నాను.
అడిగినదానికి జవాబింకా చెప్పలేదు.

మైనపు దిమ్మలు ఖరీదు.
రాత్రి దిల్షాద్ పిన్ని ఇంట్లోంచి
నిద్రపోయిన పాపను భుజాన తెచ్చుకుని పడుకోబెట్టి
బట్టల సబ్బు మీద చెక్కుతాను.
పిన్ని తమలపాకుకి సున్నం రాస్తా అంటుంది,
"సర్టిఫికెట్ వచ్చిందాకా నా పళ్ళ జోలికి రాబాక."
గట్టు, గుంట, గట్టు,
చాకు జారితే మళ్ళీ మొదలు.
నా మొట్టమొదటి దవడ పన్నుతో
తెల్లారి పాప యూనిఫాం ఉతికాను.
బాగానే నురగొచ్చింది.

మొన్న శనివారం తల్లిదండ్రుల మీటింగు,
దాని బడిలో, నా కాలేజీలో,
ఒకే రోజు, ఒకే టైము.
దానిది ఎగ్గొట్టి నాదానికి దాన్ని తీసకపోయాను.
"వెంగమ్మ తరఫున ఎవరొచ్చారు?"
బెంచీ ఎక్కి చెయ్యెత్తింది.
"ఇంట్లో చదువుతుందా?"
"చదువుద్ది. నిద్రపోతా గూడా."

తిరుగు బండిలో దవడ సలుపుతుందని ఏడ్చింది.
నోరు తెరవమని ఫోను లైటు వేశాను.
ఒక్క పాలపన్నూ ఊడలేదింకా.
అన్నిటికన్నా వెనక, చిగురు చీల్చుకుని
తెల్లగా ఒక మొన.
దానికోసం ఏదీ జాగా ఖాళీ చెయ్యనక్కర్లేదు.
ఆరో ఏట చప్పుడు లేకుండా వచ్చుద్ది,
ఇదీ పాలపన్నేలే అని చాలామంది వదిలేస్తారు.
పాఠంలో ఉంది.
మచ్చ లేదు. మళ్ళీ చూశాను, లేదు.

"ఏందిమా అది?"

కింద, ఎడమవైపు.
కొడవలూరు దాటిందాకా
లైటు ఆర్పలేదు నేను.