పెల్లూరి వారి హద్దులు

మా ఇంటిపేరు పెల్లూరి.
ఆ పేరుతో ఊరెక్కడా లేదు.
ఎవరైనా అడిగితే కృష్ణ అవతల ఎక్కడో ఉందని
నాన్న చెప్పేవాడు, నవ్వకుండా.

అసలు మాట పెల్లో.
తగరపు గనులు మూతపడ్డ ఏదో సముద్రపు ఒడ్డు నుంచి
కాలువ తవ్వకానికి ఓవర్సీరుగా దిగినవాడు జాబెజ్ పెల్లో.
కూలీలకి నోరు తిరగలేదు, జాబిలి దొర అన్నారు.
మొహం మాత్రం ఉడికిన పీత.

కాలువ పూర్తయ్యాక ఓడెక్కలేదు.
వశిష్ఠ పాయ చివర, ఉప్పు గాలి తగిలే చోట
నలభై ఎకరాలకు పట్టా పుట్టించాడు.
చెరుకు వేశాడు, చచ్చింది.
నీలిమందు వేశాడు, కొనేవాడు లేడు.
చివరికి అందరిలాగే వరి ఊడ్చి
అందరిలాగే వానదేవుణ్ణి తిట్టాడు, తెలుగులో.

ఇదంతా మా తాతమ్మ మరియమ్మ చెప్పిన కథ.
కథలో ఆయన గుర్రం పేరుంది,
ఆయన బాకీపడ్డ సారాకొట్టుంది,
పడవలో తెచ్చిన గడియారం అయిదుంబావు దగ్గర ఆగిన సంగతుంది.
ఇంట్లో ఆడమనిషి సంగతి మాత్రం
"ఆవిడా ఉండేదిలే." అంతే.

నిరుడు రీసర్వే అన్నారు.
పాసుపుస్తకానికి పాత లెక్క కావాలంటే
తాలూకా ఆఫీసు వెనకగదిలో మూడు రోజులు కూర్చున్నాను,
ముక్కుకి చున్నీ కట్టుకుని.
చెదలు తిన్నది తినగా మిగిలిన కాగితం మీద
కరణం గొలుసుకట్టు రాత:
"సదరు భూమి బంజరు. మనుష్య సంచారము లేదు."
దాని కిందే, అదే సిరా, అదే చెయ్యి:
"గుడిసెలు పదహారు తీయించిన ఖర్చు, రూపాయలు నాలుగు."

గుడిసెకి పావలా.
మనుషులే లేని చోట
పదహారు పొయ్యిలు ఎవరు రాజేశారు?
మడపీతలు పట్టుకునేవాళ్ళేమో,
ఆటుకీ పోటుకీ తప్ప
ఏ శిస్తుకీ తల వంచనివాళ్ళేమో.
పేర్లు రాయలేదు కరణం. ఒక్కటే రాశాడు,
అదీ అంచున, ఏదో గొడవ జరిగినట్టు:
"ఓలేటి పోలి అను ఆడది కదలనన్నది.
దొరగారి వంటపాకయందు ఉంచడమైనది."

ఉంచడమైనది.
నా వేలు అక్కడే ఆగిపోయింది.
గొడ్డుని కట్టేసినట్టా, గూట్లో దీపం పెట్టినట్టా?
ఆ క్రియకి కర్త ఎవరో
ఇప్పుడు ఏ తాసిల్దారుని అడగను?

పోలి కొడుకు బాప్తిస్మపు పుస్తకంలో ఉన్నాడు: శామ్యూలు.
తండ్రి గడిలో పెల్లో. తల్లి గడి ఖాళీ.
తెల్లవాళ్ళ బంతిలో అతనికి విస్తరి పడలేదు,
పల్లెవాళ్ళ పడవలో తెడ్డూ ఇవ్వలేదు.
లాకు దగ్గర తలుపులు తిప్పే పని దొరికింది.
ఈ పక్క నీళ్ళు ఎత్తు, ఆ పక్క పల్లం.
రెండూ ఒకటయ్యేదాకా పడవని ఆపి
మధ్యలో నిలబడి చుట్ట కాల్చుకునేవాడట.
అతని జీతపు రసీదులోనే
పెల్లో మొదటిసారి పెల్లూరి అయింది.
గుమస్తా దయ.

దొర సమాధికి సీమ అక్షరాలు చెక్కిన రాయి పెట్టారు.
ఒక తుఫానుకి అది దొర్లుకుంటూ వెళ్ళి
కాలువ రేవులో బోర్లా పడింది.
అమ్మ దానిమీదే బట్టలు ఉతికింది.
మంచి రాయి, జారదు.
పోలికి రాయి లేదు.
మెరక మీద మొగలి పొద చూపించి
అక్కడ ఉమ్మెయ్యకండర్రా అనేది తాతమ్మ,
ఎందుకో చెప్పకుండా.

మొన్న సర్వేయరు కుర్రాడొచ్చాడు, డ్రోను పట్టుకుని.
"హద్దులు ఎవరు చూపిస్తారండీ?"
నలభైలో మాకు మిగిలింది ఎకరం ముప్పై సెంట్లు.
తూర్పున కాలువ, పడమర రొయ్యల చెరువు,
దక్షిణాన డొంక అని చెప్తూ చెప్తూ
ఉత్తరం దగ్గర ఆగాను. మొగలి పొద.
"అదెవరిదండీ?"
"రాసుకో బాబూ, ఓలేటి వాళ్ళది."
"వాళ్ళెక్కడుంటారు?"

తలమీద ఎండ. చెప్పుల్లో ఒండ్రు.
నేను నోరు తెరిచేలోపే
బ్యాటరీ అయిపోతోందండీ అంటూ
ఆకాశం కేసి చూస్తూ పరిగెత్తాడు,
పొద పక్కనుంచి.