అతుకు

డులూత్‌లో జూన్ అంటే
కోటు విప్పాలా వద్దా అని ఊరంతా తర్జనభర్జన పడే నెల.
సరస్సు మీంచి వచ్చే గాలికి కాలెండర్‌తో పనిలేదు.
పెరట్లో వెర్లిన్ హౌగెన్ గ్రిల్ మూత ఎత్తి
బొగ్గుల్ని ఒక పక్కకి నెట్టాడు,
రెండో పక్క ఖాళీగా ఉంచాడు.
"మంట ఒక వైపు, ఓపిక ఒక వైపు."
అంతకు మించి వంట గురించి ఆయన దగ్గర సిద్ధాంతాల్లేవు.

మనవరాలు బ్రిటా, పదకొండేళ్లది,
చేతులు తడి చేసుకుని బల్ల దగ్గర నిలబడింది.
మాంసం చల్లగా ఉండాలి. పిసకకూడదు.
పిసికితే అలుగుతుంది, రబ్బరై కూర్చుంటుంది.
రెండు పల్చటి బిళ్ళలు తట్టి
ఒకదాని నడుమ
నాలుగు మడతలు పెట్టిన పసుప్పచ్చ చీజ్ ముక్క,
పైన రెండోది కప్పి,
ఇక అంచులు.

అసలు కథంతా అంచుల దగ్గరే.
పూర్ణం బయటపడకుండా బూరె చేసే చేతికి ఏం తెలుసో
ఇక్కడి చేతికీ అదే తెలియాలి:
వెంట్రుకవాసి సందు దొరికితే చాలు,
కరిగినది లోపల నిలవదు.

ముప్పై నాలుగేళ్లు ఆయన చేసిన పని అదే.
ఇనుప ఖనిజం మోసే ఓడల పొట్టలకి వెల్డింగ్.
"నీళ్లకి కళ్లుంటాయి," అనేవాడు,
"నువ్వు చూడని సందు అవి చూస్తాయి."
రిటైరైన రోజున కంపెనీ వాళ్లిచ్చిన గడియారం
ఎప్పుడో ఆగిపోయింది.
అతుకులు ఇంకా తిరుగుతున్నాయి సరస్సు మీద.

ఈ సాయంత్రం కుడి బొటనవేలు మాట వినట్లేదు.
అంచు మీద నొక్కబోతే పక్కన నొక్కుతోంది.
ఫిబ్రవరిలో డాక్టరమ్మ దానికో పేరు చెప్పింది.
ఆ కాగితాన్ని ఆయన మడిచి
ట్రక్కు అరలో, టైర్ల రసీదుల కింద పెట్టాడు.
ఆ అర కీచుమంటుంది గాని
ఎవరూ తెరవరు.

బ్రిటా మూడు చేసింది, ఆయన మూడు.
"ఉప్పు ఇప్పుడు చల్లు. ముందు కాదు."
"గరిటెతో నొక్కావంటే ఊరుకోను."
చుయ్‌మని మొదటిది, చుయ్‌మని రెండోది,
ఆరింటికీ చోటు సరిపోయింది.

తిప్పేసరికి ఎడమ చివరిది కక్కేసింది.
చీజ్ బొగ్గుల మీద పడి
మంట ఆయన కనుబొమ్మల దాకా లేచి, చూసి, వెళ్లింది.
కాలిన పాల వాసన.
పక్కింటి కుక్క కంచె కింద నుంచి ముక్కు పెట్టింది.

ఆ బర్గర్ అంచున బొటనవేలి గుర్తు.
పెద్దది.
పక్కకి జారినది.
ఇద్దరూ చూశారు.

ఆయన నోరు తెరవబోయాడు.
"అది నాది తాతా," అంది బ్రిటా,
"నేనే సరిగ్గా మూయలేదు."

ఆ అబద్ధానికి అతుకు కనపడలేదు.
వేలితో తడిమి చూసే అలవాటు కొద్దీ
ఆయన కాసేపు ఆమె ముఖంలో వెతికాడు.
"పర్లేదులే," అన్నాడు చివరికి,
"కొత్తలో నేనూ ఒక పడవ ముంచాను.
చిన్నదే."

బన్నులు వేడెక్కాయి. ఉల్లిపాయలు నల్లబడ్డాయి.
"ఆగు. ఐదు నిమిషాలు ముట్టుకోకు,
లోపలిది నాలుక మీద తోలు తీస్తుంది."
ఆ ఐదు నిమిషాల్లోనే
కాలువలోకి ఒక ఓడ వచ్చింది.
మూడు పొడుగు, రెండు పొట్టి కూతలు,
వంతెన బదులు పలికింది.
ఆయన చెవి అటు తిప్పాడు.
"ఎడమ పక్క," అన్నాడు, "నీటి గీతకి దిగువన,
ముక్కు నుంచి పదో పలక దాకా."
ఆమె ఏమిటని అడగలేదు.

ఖాళీ అయినదాన్ని బ్రిటా తినేసింది,
ఆవపచ్చడి కాస్త ఎక్కువ పూసుకుని,
చెప్పుకోవడానికి బాగానే ఉందని చెబుతూ.
ఆయన తనది కొరికాడు.
అది బ్రిటా మూసినది,
గట్టిగా మూసినది,
ఒక్కసారి తెగి గడ్డం మీదుగా కారింది.
తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు.
వణికింది.

ఈసారి దాన్ని జేబులో పెట్టుకోలేదు.