రెండోసారి కాచిన నీళ్ళు

చెయ్యి విరిగిన ఏడు నాకు పదకొండేళ్ళు.
కార్పాతియన్ కొండల్లో, మందలోంచి తప్పించుకుని
రాతిగోడ దూకిన గొర్రె వెనకే నేనూ దూకాను.
గొర్రె నిలబడింది.

లోయలో వైద్యురాలు జెనోవియా
కుడిచేతికి పిండికట్టు వేసి
జారిన కళ్ళజోడు మోచేత్తో పైకి తోసుకుంటూ అంది:
"కాల్షియం పడాలి. మాంసకృత్తులు పడాలి.
ఆరు వారాలు, గోడలు దూకకుండా."
చీటీ మీద ఏదో గీకింది.
మాకు దగ్గర్లో మందుల కొట్టు లేదు,
బస్సు గురువారం గురువారం వచ్చేది,
వస్తే.

సవేత ఆ చీటీని చదవలేదు, పారెయ్యలేదు,
ఉప్పుడబ్బా కింద పెట్టింది.
ఆరుగురు కాపరులకీ మూడొందల గొర్రెలకీ
ఆవిడ మాటే మాట.

పొద్దున్నే రాగి డేగిసాలో పాలు విరిచి
ముద్ద పైకి తీసి, గుడ్డలో కట్టి వేలాడదీసేది.
అది జున్ను. దానికి ఉప్పు, పీపా, బండి, బజారు.
డేగిసాలో మిగిలింది పచ్చటి నీళ్ళు,
ఎవరైనా పారబోసేటట్టున్నవి.
సవేత పారబొయ్యలేదు.
పుల్లలు లోపలికి నెట్టి, చెంబెడు పచ్చిపాలు పోసి
గరిట తిప్పుతూ నీళ్ళకేసే చూస్తూ నించునేది.
అప్పుడెవరూ మాట్లాడకూడదు.
"మరిగిందా, అలుగుతుంది," అనేది.
మరగబోయే ముందు, అంచుల దగ్గర మొదట,
తెల్లటి తునకలు ఒక్కొక్కటే పైకి తేలేవి,
నిద్ర లేచిన పిల్లల్లా.

దాన్ని ఉర్దా అంటాం.
వేడి వేడిగా, మెత్తగా, కాస్త తియ్యగా.
ఉప్పు చిటికెడు, అదీ సవేత గుర్తుంటే.
పళ్ళు లేని గావ్రిలకి నమలక్కర్లేదు,
రక్తపోటున్న మితృకి భయపడక్కర్లేదు.
నాకు ఎడమచేత్తో చెంచా పట్టడం రాక
సగం గెడ్డమే తినేది.
మిగతా సగం మొక్కజొన్న సంకటితో లోపలికి పోతే
మధ్యాహ్నం దాకా ఆకలి నా జోలికి రాలేదు.

జున్ను ఏడాది ఆగుతుంది, కనక ఊరు దాటింది.
ఉర్దా మూడో పొద్దుకి పులుస్తుంది.
అందుకే ఏ వర్తకుడూ దాన్ని అడగలేదు,
అందుకే అది మా వంటికి పట్టింది.

ఆరు వారాలకి కట్టు కోశారు.
చెయ్యి బయటికొచ్చింది, సన్నగా, పాలిపోయి,
దాదాపు ఉర్దా రంగులో.
జెనోవియా నొక్కి చూసింది. వంచమంది. వంచాను.
"ఏం తిన్నావురా?"
"నీళ్ళు," అన్నాను సిగ్గుగా,
"జున్ను తీసేశాక మిగిలిన నీళ్ళు కాచి."

ఆవిడ నవ్వలేదు. కలం మూత పెట్టింది.
పాలు విరిచినప్పుడు చిక్కని మాంసకృత్తులు కొన్నుంటాయట,
నీళ్ళల్లో కరిగి, కంటికి ఆనకుండా.
రెండో వేడికి గానీ అవి బయటపడవట.
వంటికి ఇట్టే ఒంటబట్టేవి అవేనట.
కాల్షియమూ ఉందట, ఎముక అడిగే భాస్వరమూ ఉందట.
ఇంకా ఏవో చెప్పింది, నేను వేళ్ళు ఆడించుకుంటున్నాను.

ఉర్దా నా ఎముకని అతికించిందని ఒట్టు పెట్టను.
ఎముక తన పని తనే చేసుకుంది.
పనిలో ఉన్నన్నాళ్ళూ దానికి
ఎవరో వేళకి అన్నం పెట్టారు, అంతే.

వెనక్కి కొండెక్కేసరికి సాయంత్రమైంది.
ఉర్దా తోడేశాక కూడా అడుగున మిగిలే ఆఖరి నీళ్ళని
మా కుక్క ఉర్సు చప్పుడు చేస్తూ తాగుతోంది.
రోజుకి పదిసార్లు ఆ గోడ దూకేది అది.
ఒక్క కాలూ విరగలేదు.