నేలకు జేబులు

గోడలకు చెవులుంటాయంటారు.
వడ్రంగిని, నాకు తెలిసింది వేరు:
నేలకు జేబులుంటాయి.

టెనెసీలో జూలై. చొక్కా వీపును వదలని ఉక్క.
నది ఒడ్డున ఈ ఎర్ర ఇటుకల హాలులో
వేదిక పలకలు విప్పుతున్నాను.

మొదటి వరస కింద ఒక ప్రార్థన చీటీ,
చెదలు తినగా మిగిలింది 'ప్రభువా' ఒక్కటే.
పడవల యజమాని హోరేస్ గాంబ్రెల్
తాగుడు మానిన ఏడాది
దేవుడికి బాకీ తీర్చినట్టు కట్టించాడట.
దేవుడు మూడేళ్ళే ఉన్నాడు.
తర్వాత కుస్తీలు, ఎన్నికల కేకలు,
సర్కసు ఏనుగు కాలు పెట్టి విరిచిన దూలం
(అతుకు ఇంకా ఉంది, మంచి పనితనం),
ఆ పైన ఫిడేలు.

తలపిన్నులు పదకొండు.
ఆడవాళ్ళకు ముస్తాబు గది లేదు మరి.
మరుగుదొడ్డిలో ఒకే అద్దం,
ముగ్గురు గాయనులు, ఒకే లిప్‌స్టిక్.
బయట బల్లల మీద జనం
శవపేటికల కంపెనీ పంచిన అట్ట విసనకర్రలతో
విసురుకుంటూ ఉండేవాళ్ళు.
స్టీల్ గిటారు ఏడుపు అందుకోగానే
విసనకర్రలన్నీ ఆగిపోయేవని
మా ఆర్డిత్ అత్త ఒట్టేసి చెప్పేది.

బాల్కనీకి వీధి వైపునుంచి వేరే మెట్లు.
నల్లవాళ్ళ మెట్లు.
ఇప్పుడక్కడ చీపుర్లు, పెయింటు డబ్బాలు.
తొమ్మిదో మెట్టు నడుమ గిన్నెలా అరిగింది.
నడిస్తే అంచు అరుగుతుంది.
నడుమ అరిగిందంటే ఎవరో కూర్చున్నారు,
ఏళ్ళ తరబడి.

బాయిలర్‌కు బొగ్గేసే ఎలైజా టబ్స్.
పని అయ్యాక ఇక్కడే బాంజో మీటేవాడు.
అతని వరసొకటి కింద వేదిక మీద
ఇంకొకడి పేరున మోగింది,
ఊళ్ళన్నీ తిరిగింది, రేడియోలో పండింది.
ఆ ఇంకొకణ్ణి మా ఇంట్లో తాతయ్య అంటాం.
లాబీలో ఫోటో ఉంది, కింద ఇత్తడి రేకు.
చివరి శీతాకాలం, మంచం మీద,
ఎవరూ అడగకుండానే చెప్పాడు.
చెప్పి, మంచినీళ్ళు అడిగాడు.

కొత్త ఓక్ చెక్కతో మెట్లన్నీ మార్చమన్నారు.
తొమ్మిదోది వదిలేశాను.
కొలత కుదరలేదని మేనేజరుతో అబద్ధమాడాను.
మా వంశంలో అబద్ధాలు బాగానే అతుకుతాయి.

మధ్యాహ్నం అక్కడే కూర్చుని రొట్టె తిన్నాను.
కింద ఎవరో మైకు సరిచూస్తున్నారు:
ఒకటి, రెండు. ఒకటి, రెండు.
ఇంత దూరానికీ
ఎంత బాగా వినిపిస్తోందో.