మూడోసారి

నారాయణగూడ ఇరానీ హోటల్లో
చాయ్ ఒలకబోసిన పిల్లగానితో
అదే టేబుల్ మూడుసార్లు తుడిపించాడు జైపాల్.
మూడోసారికి అక్కడ తడే లేదు.
గొంతు పెంచలేదు. "బేటా" అనే పిలిచాడు.

నాకు నవ్వొచ్చింది.
తలెత్తితే
పిల్లగాణ్ని కాదు, నన్నే చూస్తున్నాడు.

అంతకు ముందు వారం అదే కుర్చీలో
యాదగిరి నా సాసర్లో చాయ్ ఊది ఊది ఇచ్చాడు.
ఎందుకో చిరాకేసింది.
చల్లారిన చాయ్ ఎవరికి కావాలి?

పదకొండేళ్లు.
బర్కత్‌పుర ఫ్లాట్‌లో పొద్దున్నే
నా కప్పులో ఉస్మానియా బిస్కెట్ ముంచి
అది మెత్తబడి విరిగేదాకా పట్టుకుంటాడు,
కళ్లు నా మొహం మీదే.

అందరూ అడుగుతారు, ఏం చూసి చేసుకున్నావని.
అతనేం చూసి నన్ను ఏరుకున్నాడో
ఎవరూ అడగరు.
ఆ నవ్వు కోసమే ఇంకా కాచుక్కూర్చుంటాడు.
ఒక్కోసారి, ఛీ,
వస్తుంది కూడా.